పడవలో కాపురం, డాక్ మీద ఇరుగుపొరుగు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఇంటి అద్దెలు చూసినవాళ్ళకి ఎప్పుడో ఒక రాత్రి ఈ ఆలోచన రాక మానదు: పాత 34 అడుగుల సెయిల్‌బోటు ఒకటి కొని, మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో కట్టేసుకుని, అందులోనే ఉంటే పోలా? బర్క్లీ, ఎమరీవిల్, అలమీడా, సాసలీటోల్లో అలా ఉంటున్నవాళ్ళు ఉన్నారు కూడా. ఈ ఆలోచనతో వచ్చేవాళ్ళు ఖర్చు అడుగుతారు, చలి అడుగుతారు, బాత్రూమ్ సంగతి కాస్త మొహమాటపడుతూ అడుగుతారు. పక్క స్లిప్పులో, అంటే పక్కన పడవ కట్టే చోట, ఎవరుంటారని మాత్రం అడగరు. పడవ కాపురంలో సగం పని ఆ పక్కవాళ్ళతోనే. ఎందుకో చెప్పాలంటే కరెంటు, నీళ్ళు, మోకులు అన్నీ వరసగా చెప్పుకు రావాలి.

ముందు కాగితాలు. బే నీటిమీద ఏం కట్టాలన్నా, ఏం మార్చాలన్నా అనుమతి ఇచ్చేది బీసీడీసీ అనే రాష్ట్ర సంస్థ. దాని విధానం ప్రకారం ఒక మెరీనాలో ఉన్న స్లిప్పుల్లో 10 శాతానికి మించి నివాస పడవలు ఉండకూడదు. అంటే స్లిప్పు దొరకడం వేరు, అందులో కాపురం పెట్టే అనుమతి దొరకడం వేరు. రెండోదానికి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, స్లిప్పు అద్దెమీద నెలనెలా అదనపు రుసుమూ ఉంటుంది. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ముందు పడవ కొనేసి తరవాత అనుమతికి తిరగడం. పడవతో పాటే నివాస అనుమతి కూడా వస్తుందని అమ్మేవాడు చెబితే, మెరీనా ఆఫీసు కాగితం చేతికిచ్చేదాకా నమ్మకండి. చాటుగా ఉండేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు రాత్రి లైటు వేసుకోవడానికి జంకుతారు, ఏదైనా లీకయితే ఆఫీసుకి చెప్పడానికి జంకుతారు. ఆ రెండోది పక్క పడవలకి కూడా ప్రమాదమే.

వీసామీద ఉన్నవాళ్ళకి ఇంకో మాట. కోస్ట్ గార్డ్ దగ్గర పడవని డాక్యుమెంట్ చేయించుకోవాలంటే, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలంటే, యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. వాహనాల్ని నమోదు చేసే రాష్ట్ర శాఖ డీఎంవీ రిజిస్ట్రేషన్‌కి ఆ షరతు లేదు. ‘సీఎఫ్’తో మొదలయ్యే నంబరు ఇస్తారు, దాన్ని పడవ ముక్కుకి రెండువైపులా కనీసం 3 అంగుళాల అక్షరాలతో అంటించుకోవాలి. జనవరి 1 నాటికి పడవ ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీ ఆస్తి పన్ను పడుతుంది. 2025 నుంచి, ఇంజను ఉన్న పడవ నడిపే ఎవరికైనా, వయసుతో పని లేకుండా, కాలిఫోర్నియా బోటర్ కార్డు ఉండాలి. తెరచాప పడవకి ఇంజనుంటే, అది ఆడుతున్నప్పుడు అదీ ఈ లెక్కలోకే వస్తుంది. పాత పడవకి ఇన్సూరెన్సు కావాలంటే నీళ్ళలోంచి బయటికి ఎత్తి, పడవలు పరీక్షించే సర్వేయరు చేత చూపించమంటారు. కొనేముందే ఆ ఖర్చు పెట్టుకుంటే అదే కాగితం రెండు పనులకీ పనికొస్తుంది.

ఇక కరెంటు. మామూలు సైజు పడవకి డాక్ (పడవల పక్కన నీటిమీద తేలే నడకదారి) మీదున్న స్తంభం నుంచి 120 వోల్టుల, 30 ఆంపియర్ల లైను ఒక్కటే వస్తుంది. గంటలకొద్దీ వాడేటప్పుడు అందులో 80 శాతం, అంటే 24 ఆంపియర్లు దాటకూడదు. 1,500 వాట్ల హీటరు పన్నెండున్నర ఆంపియర్లు తింటుంది. గీజరు కూడా దాదాపు అంతే. ఆ రెండూ కలిస్తేనే గీత దాటినట్టు. దానిమీద 700 వాట్ల రైస్ కుక్కర్ పెడితే మరో ఆరు. అందుకని పడవలో వంటకీ స్నానానికీ వంతులుంటాయి: గీజరు అరగంట వేసి ఆపాలి, అప్పుడు కుక్కర్, అది అయ్యాక హీటరు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీని, గ్రైండరుని దీనికి తగిలించే ప్రయత్నం చేయొద్దు. 110 వోల్టుల రకం అమెరికాలోనే దొరుకుతుంది.

బ్రేకరు పడిపోతే భయం లేదు, అది దాని పని చేసినట్టే. భయపడాల్సింది పడిపోకుండా మాడే ప్లగ్గుకి. ఉప్పు గాలికి ప్లగ్గు పిన్నులకి పొర పడుతుంది, సాకెట్లో పట్టు వదులవుతుంది. ఆ సందులో నిరోధం పెరిగి వేడి పుడుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ పైన నిప్పు. బ్రేకరుకి ఇదేమీ తెలియదు, దానికి కనిపించేది మామూలు కరెంటే. హీటరు ఒక గంట నడిచాక ప్లగ్గుని రెండు చివర్లా చెయ్యి వెనకవైపుతో ముట్టుకుని చూడండి. చెయ్యి ఆన్చలేనంత వేడిగా ఉంటే ఆ రోజే ప్లగ్గూ, పడవవైపు సాకెట్టూ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. తగిలించే క్రమం కూడా ముఖ్యం: ముందు పడవలో మెయిన్ స్విచ్, స్తంభం మీద బ్రేకరు ఆపాలి. కేబుల్‌ని మొదట పడవకి, తరవాత స్తంభానికి తగిలించాలి. తీసేటప్పుడు మొదట స్తంభం నుంచి తీయాలి. తిరగేసి చేస్తే ఎప్పుడో ఒకరోజు కరెంటున్న కొస చేతిలోంచి జారి నీళ్ళలో పడుతుంది. దూర్చి, కుడివైపు తిప్పి, మరలున్న ఉంగరం బిగించేదాకా పని పూర్తి కానట్టే. ఇంట్లో వాడే నారింజరంగు ఎక్స్‌టెన్షన్ వైరు ఇక్కడ అసలు వాడకూడదు.

ఆ కేబుల్లో ఉన్న ఆకుపచ్చ ఎర్తు తీగే పక్క పడవతో మీకున్న మొదటి చుట్టరికం. డాక్ మీద కరెంటు తగిలించుకున్న పడవలన్నీ ఆ తీగ ద్వారా ఒకదానికొకటి కలిసి ఉంటాయి, మధ్యలో ఉప్పునీళ్ళు. అంటే అన్నీ కలిసి ఒక పెద్ద బ్యాటరీ. మీ పడవ అడుగున జింకు దిమ్మలు ఉండి, పక్కవాడి జింకు అరిగిపోయి ఉంటే, అతని ఇత్తడినీ కంచునీ కాపాడుతూ అరిగేది మీ జింకు. జింకు సగం అరిగితే మార్చాలి. అది కూడా అయిపోతే తినడం ప్రొపెల్లరు మీద మొదలవుతుంది. దీనికి విరుగుడు, ఆ తీగలో పారే ఈ కొద్దిపాటి కరెంటుని ఆపే గాల్వానిక్ ఐసొలేటరు. పడవలోకి కరెంటు వచ్చే సాకెట్టు వెనకే ఆకుపచ్చ తీగకి వరసలో దాన్ని పెట్టించాలి. అడుగు తోమే డైవరు ప్రతిసారీ జింకు ఎంత మిగిలిందో చెబుతాడు, ఆ మాట తేదీతో రాసిపెట్టుకోండి. ఆరు నెలలు వచ్చే జింకు రెండు నెలల్లో మాయమైతే పక్కవాడి మీదికి వెళ్ళేముందు మీ పడవనే అనుమానించండి. కేబుల్ తీసేసి, తగిలించి, రెండుసార్లూ సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడు నీళ్ళలోకి దించి మల్టీమీటరుతో కొలిస్తే తేడా ఎవరి దగ్గరుందో చాలావరకు తేలిపోతుంది. లోపం ఎవరి దగ్గరున్నా నీళ్ళలోకి కరెంటు దిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ మెరీనా నీళ్ళలో మాత్రం ఎవరూ ఈదకూడదు.

వంటగది దగ్గర మనవాళ్ళ కష్టాలు కొంచెం వేరు. తాలింపు పొగ చిన్న క్యాబిన్లో ఎటూ పోదు. పరుపుల ఫోములోకి, పైకప్పు లోపలి గుడ్డలోకి ఎక్కి కూర్చుంటుంది. స్టవ్వు మీద పైకప్పులో ఉన్న హ్యాచ్ అనే మూత తెరిచి, దాని కింద 12 వోల్టుల చిన్న ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టి, ఎదురు చివర ఇంకో కిటికీ తెరిస్తేనే పొగ కదులుతుంది. మిరపకాయలు మాడే తాలింపయితే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. పక్క పడవ హ్యాచ్ తెరిచుంటే మొత్తం వాళ్ళింట్లోకే పోతుంది, వాళ్ళు దగ్గుతూ బయటికొస్తారు.

వంటకి వాడే ప్రొపేన్ గ్యాసు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. లీకయితే పైకి పోదు, పడవ అడుగుకి దిగి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకే సిలిండరు లోపల ఉండకూడదు. బయటి అరలో, అడుగునుంచి పడవ బయటికి పోయే గొట్టంతో ఉండాలి. స్టవ్వు దగ్గర, సిలిండరు నుంచి వచ్చే గ్యాసుని ఆపే సొలెనాయిడ్ స్విచ్ ఉంటే వంటయ్యాక ముందు దాన్ని ఆపి, మంట దానంతటదే ఆరనిచ్చి, తరవాత బర్నరు కట్టండి. గొట్టంలో గ్యాసు మిగలదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీటిఆవిరి పుడుతుంది. అన్నం ఉడికే ఆవిరి దానికి అదనం. నవంబరు నుంచి మార్చి దాకా వానల్లో ఆ నీళ్ళన్నీ చల్లటి గోడల మీద చుక్కలుగా దిగుతాయి. వారంలో పరుపు అడుగున నల్ల మచ్చలు, నెలలో బట్టల అరలో బూజు. కాబట్టి ప్రెషర్ కుక్కర్ ఇక్కడ విలాసం కాదు, తక్కువ గ్యాసు, తక్కువ ఆవిరి. పరుపు కింద పలక ఉంటే తీసేసి చెక్కబద్దలు వేయండి, గాలి ఆడాలి. మూడు నాలుగు ఆంపియర్ల డీహ్యుమిడిఫైయరుని సింకులోకి నీళ్ళు కారేలా పెట్టి రాత్రంతా నడపండి. హీటరొక్కటే పెడితే తడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుందే తప్ప పోదు.

బియ్యం సంచి సంచిలా ఉంచితే పురుగు, బూజు రెండూ తప్పవు. రబ్బరు మూత గట్టిగా పట్టే డబ్బాల్లోకి మార్చాల్సిందే. పప్పులు, చింతపండు, అప్పడాలు, ఇంగువ అన్నిటికీ అదే వైద్యం. అట్టపెట్టెలు పడవెక్కనీయకండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయి, పడవలో ఒకసారి చేరితే చెక్క పలకల వెనక వాటిని పట్టడం ఎవరి వల్లా కాదు. సరుకులు డాక్ మీదే విప్పి, అట్టలు గట్టు మీది చెత్తబుట్టలో వేసి రావాలి.

బాత్రూమ్ సంగతి. తీరానికి మూడు మైళ్ళలోపు శుద్ధి చేయని మలినం నీళ్ళలోకి వదలడం నేరం. అంతా హోల్డింగ్ ట్యాంకులోకే పోవాలి. 25 గ్యాలన్ల ట్యాంకు అంటే సుమారు 95 లీటర్లు. చేతిపంపు టాయిలెట్లో ఒక్కో వాడకానికి రెండు మూడు లీటర్లు పడుతుంది, నీళ్ళతో కడుక్కునే మన అలవాటుకి ఇంకో లీటరు వేసుకోండి. ఇద్దరు మనుషులు కలిసి రోజుకి ఎనిమిదిసార్లు వాడితే మూడు నాలుగు రోజుల్లో ట్యాంకు నిండుతుంది. అందుకే పగలు గట్టు మీది బాత్రూములు, రాత్రి పడవలోది అనే పద్ధతి డాకంతా నడుస్తుంది. ఖాళీ చేయడానికి మెరీనాలో పంపవుట్ స్టేషను ఉండొచ్చు, లేకపోతే పడవలో వచ్చి లాగేసే వారపు సర్వీసు ఉంటుంది. ఒకే డాక్ మీద నలుగురైదుగురు కలిసి ఒకే రోజుకి పిలుస్తారు.

టాయిలెట్ నుంచి నీళ్ళు వెనక్కి తంతున్నాయంటే చాలాసార్లు కారణం జోకర్ వాల్వు అనే రబ్బరు ముక్క. దాని పెదాలు మూసుకోవడం మానేసి ఉంటాయి. ఏడాదికోసారి మార్చేయాలి, చవకదే. ఉప్పునీళ్ళూ మూత్రమూ కలిసి గొట్టాల్లో సున్నపుగార పేరుకుంటుంది. వారానికోసారి రాత్రి పడుకునేముందు ఒక కప్పు వెనిగరు పోసి రెండుసార్లు పంపు కొట్టి వదిలేస్తే గార తగ్గుతుంది. కంపోస్టింగ్ టాయిలెట్ పెట్టుకుంటే పంపవుట్ గొడవ లేదు. అందులో వేసేది కొబ్బరిపీచు పొట్టే, ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. కానీ అది నీళ్ళతో కడుక్కునేవాళ్ళకి సరిపడేది కాదు. పొట్టు తడిస్తే కుళ్ళు వాసన, దాని వెంట సన్న ఈగలు. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు, వాళ్ళకి మన అలవాటు తెలియదు కాబట్టి.

పడవలు నడిసముద్రంలో కంటే కట్టేసిన చోటే ఎక్కువ మునుగుతాయి. సింకుకీ, టాయిలెట్‌కీ, ఇంజనుకీ పడవ అడుగున పెట్టిన రంధ్రాలు పది దాకా ఉంటాయి, ప్రతిదానికీ సీకాక్ అనే వాల్వు. నెలకోసారి ప్రతి సీకాక్‌నీ మూసి తెరవాలి. లేకపోతే అవసరమైన రోజు కదలదు. ప్రతిదాని పక్కనా ఒక చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచాలి. గొట్టం ఊడిపోతే దాన్నే దిగ్గొట్టాలి. పడవ అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపు ఆటోమేటిక్ ఫ్లోట్ స్విచ్‌తో, మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే ఉండాలి. ఇక్కడ జరిగే ఘోరం ఎప్పుడూ ఒకటే: చిన్న లీకు ఉంటుంది, పంపు తోడుతుంటుంది, డాక్ కరెంటు పోతుంది, చార్జర్ ఆగుతుంది, రెండు మూడు రోజుల్లో బ్యాటరీ చస్తుంది, ఆ తరవాత పడవ. ఇంకో రకం ఉంది. డాక్ నీళ్ళ గొట్టాన్ని నేరుగా పడవ పైపులకి తగిలించి ఆఫీసుకి పోతారు, లోపల ఒక క్లాంపు ఊడుతుంది, సాయంత్రానికి ఊరి మంచినీళ్ళతోనే పడవ మునుగుతుంది. పడవ దిగేముందు డాక్ కుళాయి కట్టేయండి. అసలు ట్యాంకు నింపుకుని వాడుకోవడమే మేలు.

ఇవన్నీ మీకంటే ముందు కనిపెట్టగలిగేది పక్క పడవవాళ్ళే. మీ పంపు రోజుకి రెండుసార్లు నీళ్ళు చిమ్ముతుందో, పది నిమిషాలకోసారి చిమ్ముతుందో వాళ్ళ చెవికి అలవాటై ఉంటుంది. నీటిగీత దగ్గర మీరు వేయించుకున్న రంగుపట్టీ మునిగితే వాళ్ళకి కనిపిస్తుంది. అందుకే కొత్తగా వచ్చిన వారంలోనే రెండు పక్కలవాళ్ళతో ఫోన్ నంబర్లు మార్చుకోవడం, ఒకరికైనా తాళంచెవి ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ. మొహమాటం కొద్దీ ఇవ్వకపోతే మీ పడవ మునుగుతుంటే తలుపు పగలగొట్టాల్సింది వాళ్ళే.

పరిచయానికి కొన్ని మర్యాదలున్నాయి. పిలవకుండా ఎవరి పడవా ఎక్కకూడదు, అడుగు కూడా పెట్టకూడదు. మనిషి బరువు పడగానే పడవ ఊగుతుంది, లోపల నిద్రపోతున్నవాళ్ళు ఉలిక్కిపడి లేస్తారు. డాక్ మీద నిలబడి పడవ పక్కను రెండుసార్లు తట్టి, పేరు పెట్టి పిలవాలి. తలుపు పలకలు వేసి ఉంటే తట్టకపోవడమే మంచిది, తీసి ఉంటే పలకరించొచ్చు. ఎక్కేముందు చెప్పులు విప్పడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. డెక్ మీద గీతలు, ఇసుక వాళ్ళకి పడదు. జీతం ఎంత, ఇంకా పెళ్ళి కాలేదా అనే ప్రశ్నలు గట్టు మీదే వదిలేయండి. పడవకి ఏమైంది, ఏ పంపు వాడుతున్నారు అని అడగండి చాలు, గంటన్నర చెబుతారు.

ఎవరైనా పడవ లోపలికి తెస్తుంటే వెళ్ళి మోకు అందుకోవడం పుణ్యం, కానీ అందుకోగానే లాగడం పాపం. ముక్కు మోకు లాగితే ముక్కు డాక్ వైపు వస్తుంది, వెనకభాగం అవతలి పడవకి తగులుతుంది. ఏ మోకు, ఏ క్లీటుకి (డాక్ మీద మోకు చుట్టే కొక్కేనికి) అని అడిగి, క్లీటు చుట్టూ ఒక చుట్టు వేసి ఆగాలి. నడుమ నుంచి వచ్చే స్ప్రింగ్ మోకు ముందు పడితే పడవ దానంతటదే నిలబడుతుంది. గాలి రాత్రి మాస్టుకి, అంటే తెరచాప స్తంభానికి, తాళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆ వరసలో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ తాళ్ళని రబ్బరు తాడుతో పక్కకి లాగి కట్టడం ఎవరి పడవదైనా చేసేయొచ్చు, కోప్పడేవాళ్ళు ఉండరు. కానీ పక్కవాడి కట్టుమోకులు మాత్రం ప్రమాదమైతే తప్ప ముట్టుకోకూడదు, ముట్టుకుంటే వెంటనే మెసేజ్ పెట్టాలి. సామాన్ల బండి పని అయ్యాక పైన గేటు దగ్గర పెట్టకపోతే వచ్చే చెడ్డపేరు ఏళ్ళ తరబడి పోదు. ఇది అతిశయోక్తి కాదు.

మోకులు నైలానువే కొనండి, సాగుతాయి కాబట్టి కుదుపు మింగుతాయి. 30 నుంచి 36 అడుగుల పడవకి అర అంగుళం లావు సరిపోతుంది. ఒరుసుకునే చోట తోలో, పాత ఫైరు గొట్టం ముక్కో తొడగాలి. బేలో ఎండాకాలమంతా మధ్యాహ్నం గాలి పడమట నుంచి వీస్తుంది, దానికి తగ్గట్టు మోకులు సర్దుకుని హాయిగా ఉంటారు. చలికాలం తుపాను గాలి దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి కొడుతుంది. అప్పటిదాకా బరువు పడని మోకు మీద మొత్తం బరువు పడుతుంది. అక్టోబరులోనే అటువైపు మోకులు రెండింతలు చేయండి. తుపాను రాత్రి డాక్ మీద టార్చిలైట్లు తిరుగుతుంటాయి. ఊళ్ళో లేనివాళ్ళ పడవలు కూడా ఉన్నవాళ్ళే చూస్తారు. అలా తిరిగేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకోండి. చలికాలం నీళ్ళు 10, 12 డిగ్రీలే. పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, చేతులు త్వరగా మొద్దుబారతాయి, నిచ్చెన లేని డాక్ మీదికి ఎవరూ ఎక్కలేరు. మీ వరసలో నిచ్చెనలెక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోండి.

అమ్మానాన్నలు వస్తుంటే ఆటుపోట్ల పట్టిక చూసి తీసుకురండి. డాకులు నీటిమీద తేలేవే కాబట్టి పోటుకీ పాటుకీ మధ్య ఆరడుగుల తేడా అంతా గట్టు నుంచి దిగే వంతెన మీదే పడుతుంది. పోటు మీద చదునుగా ఉన్నది పాటు వేళకి నిచ్చెనలా నిలబడుతుంది. బియ్యం మూటలకీ ఇదే సూత్రం. పడవ పక్కన రెండు మెట్ల పెట్టె పెట్టండి, కంచె తీగలో గేటు తెరిచి ఉంచండి. చీర కుచ్చెళ్ళతో తీగ దాటడం ప్రమాదం. లోపలికి దిగే మెట్లు వెనక్కి తిరిగి, మెట్ల వైపు మొహం పెట్టి దిగాలని ముందే చెప్పాలి.

ఇండియాకి నెల రోజులు వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళకి ఒక కాగితం ఇలా రాసి ఇవ్వండి: బిల్జ్ పంపువి, కాక్‌పిట్ నీళ్ళు పోయేవి తప్ప మిగతా సీకాకులన్నీ మూశాను. ప్రొపేన్ సిలిండరు దగ్గరే కట్టేశాను. డాక్ నీళ్ళు కట్టేశాను. ఫ్రిజ్ ఖాళీ, ఆపి ఉంది, తలుపు తెరిచి ఉంది. చార్జర్ మీద పచ్చ దీపం వెలగాలి, ఆరితే స్తంభం బ్రేకరు చూడండి. బిల్జ్ పంపు ఎన్నిసార్లు ఆడిందో లెక్కపెట్టే కౌంటరు ఈ రోజు ఇంత చూపిస్తోంది, వారానికి ఇంతకంటే ఎక్కువ పెరిగితే లోపలికి దిగండి. బిరడాలు, సుత్తి మెట్ల కింద. అదనపు మోకులు కుడివైపు అరలో. డైవరు నంబరు, మెరీనా ఆఫీసు నంబరు, ఇన్సూరెన్సు నంబరు. కాలిఫోర్నియా కంటే ఇండియా గడియారం చలికాలం పదమూడున్నర గంటలు, ఎండాకాలం పన్నెండున్నర గంటలు ముందు, కాబట్టి మీకు మధ్యాహ్నమైతే నాకు అర్ధరాత్రి, ఫోన్ ఎత్తకపోవచ్చు. నా జవాబు కోసం ఆగకండి. మోకు కొయ్యాలంటే కొయ్యండి, తలుపు పగలగొట్టాలంటే పగలగొట్టండి, డైవర్ని పిలవాలంటే పిలవండి, ఖర్చు నాది. ఈ చివరి రెండు వాక్యాల కింద సంతకం పెట్టి ఇవ్వండి. సంతకం లేకపోతే ఎంత మంచివాళ్ళయినా పది నిమిషాలు తటపటాయిస్తారు.